నాలుగు నొక్కులు

కీబోర్డు అట్టపెట్టెలో వచ్చినవి ఇవి: ఒక అడాప్టరు, కాగితం ఆనించుకునే ప్లాస్టిక్ పలక, వాడే పద్ధతి చెప్పే సన్నని పుస్తకం. ఆ పుస్తకంలో పద్దెనిమిదో పేజీ మూలంగా మా తెలుగు సంఘంలో గొడవ జరిగింది. తప్పు నాదేనని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నాది కాదు. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

తొంభైల మధ్యలో నేను ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో కరెంటు మీటర్లు చేసే ఫ్యాక్టరీలో, తనిఖీ విభాగంలో పనిచేసేవాణ్ణి. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, తిన్నగా అక్కడికి వెళ్ళాను. ఒక తెలుగు కుటుంబం ఇంటి మేడ మీద ఒంటిగదిలో అద్దెకుండేవాణ్ణి. దాన్ని అక్కడ బర్సాతీ అంటారు. కీబోర్డు ఎర్రకోట ఎదుటి ఎలక్ట్రానిక్ సామాన్ల బజారులో కొన్నాను. బస్సులో ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చుంటే, కండక్టరు దానికీ టికెట్టు తీసుకోమన్నాడు. తీసుకోలేదు.

ప్లగ్గు పెట్టే ముందు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివాను. కొత్త యంత్రం ఏదైనా నా పద్ధతి అదే. నోటుబుక్కులో రాసుకున్నవి: మెట్లు అరవై ఒకటి. వాద్యాల స్వరాలు వంద, వాటిలో పనికొచ్చేవి ఆరు. సితార్ అని పేరు పెట్టినది తగరపు డబ్బా మీద రాళ్ళు వేసినట్టుంటుంది. డెమో బటన్ నొక్కితే యంత్రం దానంతటదే వాయించుకుంటుంది. చుట్టాలొస్తే అడిగేది అదొక్కటే. అడాప్టరు పిన్నులో మధ్యది మైనస్. అంగట్లో దొరికే మామూలు అడాప్టరు పెడితే లోపల కాలిపోతుంది. అడుగున ఆరు పెద్ద సెల్లు పడతాయి, అయితే అడాప్టరు పిన్ను దూర్చి ఉన్నంతసేపు సెల్లకు దారి మూసుకుపోతుంది. కరెంటు పోతే పిన్ను పీకాలి, అప్పుడు గానీ సెల్లు పనిచేయవు. ఆఖరిది: ఒకసారి ఆగిపోతే అంతకుముందు మనం పెట్టిన అమరికలన్నీ మర్చిపోతుంది. స్టాండు విడిగా అమ్మేవారు. నేను ఇస్త్రీ బల్ల వాడాను, ఎత్తు సరిగ్గా సరిపోయింది.

ఇక పద్దెనిమిదో పేజీ. ట్రాన్స్‌పోజ్ అనే బటన్. దాన్ని ఒకసారి నొక్కితే కీబోర్డు మొత్తం ఒక మెట్టు పైకి జరుగుతుంది. వేళ్ళు ఉన్నచోటే ఉంటాయి, శృతి మారుతుంది. మన లెక్కలో మొదటి తెల్లమెట్టు ఒకటి శృతి, పక్కనున్న నల్లది ఒకటిన్నర, తర్వాత రెండు, రెండున్నర, మూడు. మూడు పక్కన నల్లది లేదు కాబట్టి మూడున్నర ఉండదు, తర్వాతది నాలుగే. ఒకటి నుంచి మూడుకి నాలుగు నొక్కులు.

కింది ఇంటి ఆంటీ పొద్దున్నే వంటింట్లో పాడేది. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మంగళహారతి ఒకటి, రోజూ అదే. చాలా కింది గొంతు, ఎక్కడా వణుకు లేదు. పప్పు పోపు చప్పుడులో కూడా ప్రతి అక్షరం మేడ మీదికి వినిపించేది. నేను కీబోర్డు మీద ఆవిడ షడ్జం ఎక్కడుందో వెతికి రాసుకున్నాను. సోమవారం మూడు. మంగళవారం మూడు. బుధవారం మూడు. గురువారం రెండున్నర, ఆ రోజు ఆవిడకి జలుబు. శుక్ర, శని, ఆదివారాలు మళ్ళీ మూడు. శృతిపెట్టె లేకుండా, జలుబు రోజు తప్ప వారమంతా ఒకటే! మా ఫ్యాక్టరీలో మీటర్లు కూడా అంత నిలకడగా ఉండేవి కావు.

ఈ మాట ఆవిడతో చెప్పాను. ఆవిడ నవ్వేసి, పిండి జల్లించుకుంటూ ఉండిపోయింది. కాలేజీ చదివే వాళ్ళమ్మాయి మాత్రం, మమ్మీ పాట వంటింటి వరకేనని, హిందీలో అందుకుంది.

"మమ్మీ తో బస్ కిచెన్ మే గాతీ హై, భయ్యా. స్టేజ్ పే తో..."

"నోర్ముయ్యవే," అంది ఆంటీ.

స్టేజీ మీద ఏం జరిగిందో అంకుల్, అంటే ఆవిడ భర్త, చెప్పాడు. ఏడేళ్ళ కిందట సంఘం శ్రీరామనవమికి ఆవిడ ఇదే హారతి పాడింది. హార్మోనియం వాయించేది సంఘం అధ్యక్షుడు, ఊళ్ళో అందరికీ ఆయన హార్మోనియం అంకులే. ఆయన మగవాళ్ళకి ఒకటిన్నర, ఆడవాళ్ళకి ఐదున్నర, ఈ రెండే వాయిస్తాడు. ఐదున్నర అంటే ఈవిడ గొంతుకి నాలుగు మెట్లు పైన. చరణంలో పైకి వెళ్ళేసరికి గొంతు చీలిపోయింది. జనం నవ్వారు. ఆయన మైకు అందుకుని, "అమ్మాయికి గొంతు లేదు గానీ భక్తి ఉంది," అన్నాడట. ఇంకా నవ్వారు. ఆ తర్వాత ప్రతి నవమికీ ఆవిడ స్టేజీ వెనకాల పులిహోర కలిపింది.

"కలిపితే ఏం, పులిహోర బాగుంటుంది," అన్నాడు అంకుల్, తేలిగ్గా.

నాకు తేలిగ్గా అనిపించలేదు. గొంతు లేదన్న మాట అబద్ధం. నా నోటుబుక్కులో వారం రోజుల రుజువుంది. ఆవిడ అదే స్టేజీ మీద, అదే హారతి, తన శృతిలో పాడాలి. నేను ఆ రోజే తీర్మానించుకున్నాను.

నవమికి రెండు వారాల ముందు ఆదివారం, హార్మోనియం అంకుల్ ఇంట్లో రిహార్సల్. పిల్లల పాటలకు తాళం వేయడానికి నన్ను కీబోర్డు తెమ్మన్నారు. ఆంటీ వంటల జాబితా మాట్లాడటానికి వచ్చి, ఆడవాళ్ళతో గోడవారన కూర్చుంది. కార్యక్రమం కాగితంలో నా పేరు కింద ‘కీబోర్డు, ఐదు నిమిషాలు’ అని ఉంది. ఆ ఐదు నిమిషాల్లో ఏం చేస్తావని ఆయన అడిగాడు.

"ఆంటీ పాడతారంకుల్. నేను పక్కన వాయిస్తాను. మూడు శృతి."

"మూడా? మూడు ఆడవాళ్ళ శృతి కాదయ్యా."

"ఆవిడ శృతి అదే అంకుల్."

"మగవాళ్ళదీ కాదు, ఆడవాళ్ళదీ కాదు. మధ్యలో అదేం శృతి, గేదె శృతి?"

నలుగురు నవ్వారు. ఆంటీ తల వంచుకుని, చేతిలోని జాబితా కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆయన లేచి వచ్చి కీబోర్డు మీదికి వంగాడు.

"అయినా నువ్వు ఒకటి దగ్గరే కదా వేళ్ళు పెడుతున్నావు. మూడు ఎట్లా వస్తుంది?"

బటన్ చూపించాను. రెండుసార్లు నొక్కి వినిపించాను. ఆయన చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"వేళ్ళు ఒకచోట, మోత ఇంకోచోట! ఇది దొంగ బటన్. నల్లమెట్ల మీద వేళ్ళు అరిగిపోయాయి నాకు, ముప్పై ఏళ్ళు సాధన చేశాను. నువ్వేమో బటన్ నొక్కి విద్వాంసుడివి అయిపోతావా?"

ఆ మాటలో సగం నిజం ఉందని ఒప్పుకుంటాను. నాకు నల్లమెట్ల మీద వేళ్ళు తిరగవు, సాధన లేదు. కానీ మిగతా సగం ఎవరూ అడగడం లేదు. నేను అడిగాను.

"అయితే మూడుకి మీరే వాయించండి అంకుల్. నేను కీబోర్డు ఇంట్లో పెట్టేసి, చప్పట్లు కొట్టడానికి వస్తాను."

ఆయన మూడు శృతికి వాయించలేడు. ముప్పై ఏళ్ళ సాధనంతా రెండు శృతుల్లోనే జరిగింది.

"పాడేవాళ్ళే పెట్టె దగ్గరికి రావాలయ్యా," అన్నాడు చివరికి. "పెట్టె పాడేవాళ్ళ దగ్గరికి పోదు. నా స్టేజీ మీద ఆ బటన్ ముట్టుకుంటే ఊరుకోను."

ఇంటికి ఆంటీతో కలిసి నడిచి వెళ్ళాను. పాల బూత్ దాటాక, "వద్దులే బాబూ, నా కోసం నువ్వు మాటపడటం ఎందుకు," అంది. సరేననలేదు నేను. మలుపు తిరిగాక తనే అడిగింది.

"దాన్ని ఎన్నిసార్లు నొక్కాలి?"

"నాలుగు."

"నాలుగేనా!" అంది. ఇంకో పది అడుగులు వేసి, "నాలుగు మెట్ల కోసం ఏడేళ్ళు పులిహోర కలిపాను," అంది. ఈసారి నవ్వలేదు.

నవమి పొద్దున సెక్టారు కమ్యూనిటీ హాలుకి నేను గంట ముందే వెళ్ళాను. బల్ల వేశాను. కొత్త సెల్లు ఆరూ వేశాను. అడాప్టరు పెట్టాను. వైరు మైకు సెట్టు తెచ్చిన భయ్యా యాంప్లిఫయరుకి కలిపాను. నా వంతు రాగానే బటన్ నాలుగుసార్లు నొక్కాను. ఫ్యాన్ల హోరులో ఎవరికీ వినిపించలేదు. తర్వాత మైకులో చెప్పాను.

"నా ఐదు నిమిషాలూ వంటింట్లో ఉన్న ఆంటీకి ఇస్తున్నాను. ఆంటీ, రండి."

ఆవిడ వచ్చింది. కొంగు దోపుకునే ఉంది, వేళ్ళకి పసుపు. వెనకాల వాళ్ళమ్మాయి, "మమ్మీ, సచ్చీ? నిజంగానా?" అంటోంది. హార్మోనియం అంకుల్ ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను షడ్జం పట్టాను. ఆవిడ ఊపిరి తీసుకుంది.

కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. మైకు చచ్చింది. నా వేళ్ళ కింద షడ్జం కూడా ఆగిపోయింది. ఫరీదాబాద్‌లో ఇది వింత కాదు, నేను సిద్ధంగానే ఉన్నాను. అడాప్టరు పిన్ను పీకాను, స్విచ్చి వేశాను, సెల్ల మీద దీపం వెలిగింది. మెట్టు నొక్కాను. ఒకటి శృతి పలికింది. ఆంటీ నా వైపు చూసింది. ఇది తనది కాదని ఆవిడకి వెంటనే తెలిసిపోయింది. ఆగినప్పుడు యంత్రం అన్నీ మర్చిపోతుందని నోటుబుక్కులో రాసుకున్నవాణ్ణి నేనే.

ఇప్పుడు ఫ్యాన్ల హోరు లేదు. రెండొందల కళ్ళు నా వేళ్ళ మీదే. నేను చెయ్యి బటన్ వైపు జరపగానే ముందు వరసలోంచి గొంతు లేచింది.

"అదిగో, దొంగ బటన్! చూడండి, అందరూ చూడండి!"

"అవునంకుల్, చూడండి," అన్నాను. రహస్యంగా చేయాల్సిన పని కాదని అప్పుడే అర్థమైంది. చెయ్యి పైకెత్తి, అందరికీ కనపడేలా నొక్కాను. నొక్కిన ప్రతిసారీ గట్టిగా చెప్పాను. "ఒకటిన్నర." టిక్కుమంది. "రెండు." ఎవరో పిల్లవాడు నాతో కలిపి అన్నాడు. "రెండున్నర." ఇంకొందరు కలిశారు. "మూడు."

"మూడు ఆంటీ శృతి," అన్నాను. మళ్ళీ షడ్జం పట్టాను.

ఆవిడ పాడింది. కీబోర్డు సొంత స్పీకర్లు చిన్నవి, వెనక వరసలకి చేరవు. ఆవిడ గొంతు చేరింది. ఫ్యాన్లు లేవు, మైకు లేదు, గొంతుకి అడ్డం వచ్చేది ఏదీ లేదు. బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి వచ్చారు. ఏడేళ్ళ కిందట గొంతు చీలిన చరణం వచ్చింది. ఆవిడ ఆ పైస్వరం మీద నిలబడింది. కావాలని ఇంకాసేపు నిలబడింది. సరాసరి ముందు వరసను చూస్తూ నిలబడింది.

అయిపోయాక చప్పట్ల మధ్య ఆయన పక్కవాడితో అన్న మాట నాకు వినిపించింది. "మైకు లేదు కాబట్టి సరిపోయింది."

మరుసటి నెల సంఘం నుంచి ఒక కాగితం వచ్చింది: ఇకపై వేదిక మీద ఎలక్ట్రానిక్ వాద్యాలు అనుమతించబడవు. నేను ఆ కాగితానికి జవాబు రాశాను. మైకు కూడా ఎలక్ట్రానికే కదా అని అడిగాను. వాళ్ళు తిరిగి రాయలేదు.

రాయకపోతే పోయారు. శనివారం సాయంత్రాలు ఆంటీ ముందుగదిలో ఇస్త్రీ బల్ల పరిచాం. ముందు ఇద్దరు వచ్చారు, నెల తిరిగేసరికి తొమ్మిది మంది. గొంతు లేదనిపించుకున్నవాళ్ళే అందరూ. కొత్తగా వచ్చినవాళ్ళని ముందు మామూలుగా మాట్లాడించి, తర్వాత కళ్ళు మూసుకుని ‘ఆ’ అనమంటాను. ఎక్కడ సుఖంగా ఆగుతారో అక్కడ మెట్టు వెతికి, అట్టపెట్టె మూత లోపల రాస్తాను. పేర్లు రాయను, చీర రంగో, ఊరో, ఏదో ఒక గుర్తు. పక్కన అంకె. తుని, మూడు. కళ్ళజోడు, నాలుగు. పచ్చచీర, ఐదు. ఒక్కరికి మాత్రం నిజంగానే ఐదున్నర వచ్చింది. ఆవిడ చాలా నిరుత్సాహపడింది.

ఒక శనివారం గుమ్మం దగ్గర ఒకావిడ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. విప్పాలా, వెళ్ళిపోవాలా తేల్చుకోలేకుండా ఉంది. హార్మోనియం అంకుల్ భార్య. ముప్పై ఏళ్ళుగా ఆ సాధన విన్నది ఆవిడే.

"ఆయన కూరగాయలకి వెళ్ళారు," అంది. "నాదెంతో ఒకసారి చూసి చెబుతావా బాబూ?"

ఆంటీ ఆవిడ చేతిలోంచి చెప్పులు తీసుకుని లోపల పెట్టింది. నేను ‘ఆ’ అనమన్నాను. నాలుగున్నర. మూత మీద కొత్త వరస రాసి, ఆ బటన్ ఆరుసార్లు నొక్కాను, పైకి లెక్కపెడుతూ.