మెలకువగా ఉన్నట్టు నటించిన రెండేళ్లు

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థనకు తల వంచి, అలాగే నిద్రపోయాను. పాట మొదలై అందరూ లేచినా నేను లేవలేదు. అత్తమ్మ మోచేత్తో పొడిచింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. నాకు ముప్పై ఒకటి. హసన్‌పర్తిలో ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. మా ఆయనది డోర్నకల్‌లో రైల్వే పని, వారానికోసారి వచ్చేవాడు.

తర్వాత మొహం ఉబ్బింది. జుట్టు రాలింది. ఎండాకాలంలోనూ చలే. రాత్రంతా పడుకున్నా మధ్యాహ్నానికి కళ్లు మూతలు పడేవి.

"పొద్దుగాల లేసుడు లేదు, మల్ల పగటీలి పండుడు!" అనేది అత్తమ్మ.

ఆ మాట పడలేక ఒక పిచ్చి పని మొదలుపెట్టాను. గేటు చప్పుడైతే చాలు, లేచి మెషీన్ ముందు కూర్చుని దారం ఎక్కించకుండానే తొక్కేదాన్ని. అటు పనీ కాలేదు, ఇటు నిద్రా లేదు. ఒకామె జాకెట్‌కు చేతులు తిరగేసి కుట్టాను కూడా.

వరంగల్‌లో ఒక డాక్టర్ అడిగాడు: "రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారు?"

పక్కన అత్తమ్మ. "ఆరు," అన్నాను. నిజానికి పన్నెండు. ఆయన అనీమియా అని ఐరన్ టానిక్ రాశాడు. ఏడాది తాగాను. ఎవరిని తిట్టను? నన్నే తిట్టుకోవాలి.

చివరికి మా ఆయన డ్యూటీ మానుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె నిద్ర గురించి అడిగితే మళ్లీ ఆరు గంటలే అని మొదలుపెట్టాను.

"అబద్ధం మేడమ్. కూసున్నకాడనే పంటది," అన్నాడాయన. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమె మెడ తడిమి చూసింది. "ఇది బద్ధకం కాదమ్మా. థైరాయిడ్ అనుకుంట. టీ త్రీ, టీ ఫోర్ రక్తపరీక్షలు చేయిద్దాం."

రక్తం హైదరాబాద్ పంపారు. రిపోర్ట్ వచ్చింది: హైపోథైరాయిడ్, అంటే మెడలోని ఆ గ్రంథి సరిపడా పనిచేయడం లేదు. థైరాక్సిన్ టాబ్లెట్లు మొదలయ్యాక రెండు నెలల్లో మనిషినయ్యాను.

అప్పుడైనా బుద్ధిగా ఉన్నానా? పోయిన పేరు తెచ్చుకోవాలని కుట్టలేనన్ని జాకెట్లు ఒప్పుకున్నాను. రోగిష్టిదంటారని టాబ్లెట్ మానేశాను. కొన్ని నెలలకు బస్టాండ్‌లో కూలబడ్డాను.

"నీకు రోగం కంటే సిగ్గు ఎక్కువున్నదమ్మా," అని, టాబ్లెట్ మానేసిన సంగతి తెలిసి డాక్టరమ్మ కసిరింది. "ఈ మందు బతికున్నన్ని రోజులు వేసుకోవాలె."

పక్కనే ఉన్న అత్తమ్మ అంతా విన్నది. ఇంటికొచ్చి చాప పరిచింది. "పండుకో బిడ్డా. ఎవలన్న వస్తె నేను జెప్త."

ఇప్పుడు పొద్దున్నే పరగడుపున టాబ్లెట్ వేసుకుంటాను, అన్నం తిన్నాక గంటసేపు పడుకుంటాను, కుట్టగలిగినన్నే ఒప్పుకుంటాను.

ఒక్క మాట. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఓ వారం, ఎన్ని గంటలు పడుకున్నారో కాగితం మీద రాయండి. అడిగినప్పుడు ఆ కాగితమే ఇవ్వండి. నోటితో చెప్పబోతే అందరి ముందూ మాట మారిపోతుంది.