కొలవనిదే మందివ్వని డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారు. మంగళవారం ఉదయం చిత్తూరులో ఒక సభకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. తిరుపతి నుంచి నా భార్య ఫోన్. "గుండె ఆగిపోయిందంట. ఇంటికి తెచ్చేసినారంట" అంది. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. మా పాపకు మళ్ళీ ఏమన్నా అయితే ఎక్కడికి పరుగెత్తాలో నిన్నటిదాకా నాకు తెలుసు. ఇప్పుడు తెలియదు. వేదికలెక్కి మంత్రగాళ్ళను దులిపేవాడు దేనికీ భయపడడని నా పాఠకుల్లో కొందరు అనుకుంటారు. ఆ అభిప్రాయాన్ని ఇవాళ్టికి పక్కన పెట్టండి.

మా పాప ఆరేళ్ళప్పుడు పొద్దున లేచి గంతులేసేది. మధ్యాహ్నానికి కాలు ఈడ్చేది. పొద్దు వాలేసరికి పాదాలు లోపలికి మెలి తిరిగి, గోడ పట్టుకున్నా నిలబడలేక కూలబడేది. నిద్రపోయి లేస్తే మళ్ళీ మామూలే. దయ్యం పేరు చెప్పుకుని బతికేవాళ్ళకు ఇంతకంటే అచ్చొచ్చే జబ్బు ఉంటుందా? సందెగాలి సోకిందన్నారు చుట్టాలు. ఒక డాక్టరు మూర్ఛ మందులు రాశాడు. ఇంకొకాయన బడి ఎగ్గొట్టడానికి నాటకమన్నాడు. గాలి అన్నవాళ్ళకూ నాటకమన్నవాడికీ నాకైతే తేడా కనిపించలేదు. ఇద్దరూ చూడకుండా తేల్చినవాళ్ళే. కానీ ఎంత తిట్టుకున్నా సాయంత్రం రాక మానదు కదా. వాకిట్లో నీడలు సాగుతుంటే పాపను ఎత్తుకుని లోపలికి తెచ్చేవాణ్ణి.

తిరుపతిలో పిల్లల నరాల జబ్బులు చూసే డాక్టరమ్మ మాత్రం పాపను పొద్దుటి నుంచి చీకటి పడేదాకా తన గదిలోనే కూర్చోబెట్టుకున్నారు. వేరే పిల్లల్ని చూస్తూనే మధ్యమధ్య లేపి నడిపించారు. చివరికి వెన్నులో నీళ్ళు తీయాలన్నారు. మా అమ్మ గుండె బాదుకుంది. "వద్దమ్మా, వెన్నులో నీళ్ళు తీస్తే ఉండే కాళ్ళు గూడా పడిపోతాయి!"

"అక్కా, మేం తీసేది నడుం కింద. ఆడ వెన్నుపాము ఉండదు, నరాల పోగులుంటాయి. సూది తగిలితే పక్కకు జరుగుతాయి" అన్నారు ఆమె.

"ఆ నీళ్ళలో ఏం సూస్తావు?"

"పెండ్లిలో ఎంతమంది తిన్నారో తెలియాలంటే ఏం జేస్తాం? ఎంగిలాకులు లెక్కేస్తాం గదా. మెదడు గూడా కొన్ని రసాయనాలు తయారుచేసుకుని వాడుకుంటాది. వాడినాక మిగిలే ఎంగిలి ఆ నీళ్ళలో కలస్తాది. అది కొలిస్తే మీ పాప మెదడుకు సరుకు సాలినంత తయారైతా ఉండాదో లేదో తెలస్తాది."

నేను ఊరుకుంటానా? మందిచ్చి చూడండి, తగ్గితే అదే జబ్బు అనుకుందాం అని వాదించాను. నిజానికి అది వాదం కాదు, సూది భయం.

"కొలవకుండా ఇచ్చే మందు తాయెత్తే అప్పా. ముందు మందేస్తే ఆనక కొలత గూడా అబద్ధం చెప్తాది" అన్నారు.

ఇంటివాళ్ళను బయటికి పంపడం ఆమె పద్ధతి కాదు. పాపను పక్కకు పడుకోబెట్టి, మోకాళ్ళూ గడ్డమూ కలిసేలా ముడిచి, నన్నే పట్టుకోమన్నారు. "బయపడప్పా, నేను వద్దనను. చేతులు మాత్రం కదపద్దు." నెత్తురు చుక్క కలిసినా కొలత చెడుతుందట. తేటగా చుక్కచుక్కగా దిగిన నీళ్ళను వరస తప్పకుండా చిన్న గొట్టాల్లో పట్టి, అప్పటికప్పుడు పొడి మంచు పెట్టెలో దించారు. ఆ మంచు కరిగి నీరవదు, తెల్లటి పొగై పోతుంది. కొలిచే యంత్రం ఉన్నది బెంగళూరులో.

పెట్టె తీసుకుని నా బావమరిది బస్సెక్కాడు. పలమనేరు ఘాటులో మూత సందుల్లోంచి పొగ వచ్చింది. "బాంబు!" అని ఎవరో అరిచారు. ఇంకెవరో పుణ్యాత్ముడు ఆర్పుదామని మూత తీసి సీసాడు నీళ్ళు కుమ్మరించాడు. దాంతో పొగ బస్సంతా నిండింది. పెట్టెను కిటికీలోంచి లోయలోకి విసిరేశారు.

అంటే మా పాప వెన్నులో మళ్ళీ సూది. మా అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. నేను డాక్టరమ్మ ముందు నిలబడి మూఢ జనం మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఆమె వింటూ వింటూ ఆపారు.

"పెట్టెలోంచి పొగొస్తే నువ్వైనా బయపడవా? వాళ్ళకు ఎవురు చెప్పినారు? చెప్పంది మనం."

రెండోసారి నీళ్ళు తీసి, పెట్టెతో ఆమే బస్సెక్కారు. నేనూ వెంట వెళ్ళాను. బస్సు కదలకముందే డ్రైవరు పక్కన నిలబడి గొంతెత్తారు. "అయ్యా, అమ్మా, ఈ పెట్టెలోంచి పొగ వస్తాది. అది మంచు పొగ. కిటికీలన్నీ తీసిపెట్టండి, మూత మాత్రం ఎవురూ ముట్టద్దండి."

"ఐస్‌క్రీమా మేడమ్? మాకూ ఒకటియ్యి" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"ఒక పసిబిడ్డ వెన్నులో నీళ్ళు నాయనా."

బస్సులో ఒక్కొక్క కిటికీ తెరుచుకుంది. ఘాటు ఎక్కుతుంటే పొగ వచ్చింది. ఎవరూ అరవలేదు. ఒక ముసలామె మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "పాపకు నొప్పి పుట్టిందా తల్లీ?" అని అడిగింది. "పుట్టింది" అన్నారు డాక్టరమ్మ. లేదని చెప్పి ఊరడించడం ఆమెకు రాదు.

ఎంగిలి చాలా తక్కువగా ఉందని జవాబు వచ్చింది. మెదడుకు తక్కువైన ఆ సరుకును అందించే ఒక చిన్న మాత్ర రాశారు. వేసిన మొదటి సాయంత్రం ఇంట్లో అందరి కళ్ళూ ఆ పాదాల మీదే. దీపాలు పెట్టే వేళ దాటింది. పాప నీళ్ళ చెంబు తీసుకుని నడుచుకుంటూ వచ్చింది. మొక్కు ఫలించిందన్నారు చుట్టాలు. నేను కొట్లాటకు దిగాను. డాక్టరమ్మకు చెబితే నవ్వి, "అననీ. మాత్ర మాన్పించకుండా సూసుకో, సాలు" అన్నారు.

తర్వాత కూడా ఆమె పాపను సాయంత్రాలే రమ్మనేవారు. "పొద్దున అందరూ బాగానే ఉంటారు. నాకు పొద్దుగూకినాక సూపించు."

ఈ పని నేర్చుకోవడానికి ఇద్దరు కుర్ర డాక్టర్లను ఇవ్వండి, ఈ కొలత మన ఊళ్ళోనే జరిగేలా చూడండి అని ఆమె పైవాళ్ళను అడుగుతూనే ఉండేవారు. ఇంత అరుదైన జబ్బుకు అదంతా ఎందుకమ్మా అనేవాళ్ళు. అయ్యా, కొలవని చోట ఏ జబ్బయినా అరుదే! గాలి సోకిందని గదిలో పెట్టిన పిల్లల్ని, నాటకమని దెబ్బలు తిన్న పిల్లల్ని ఎవరు లెక్కపెట్టారు? ఈ కోపం నాతోనే పోతుందేమోనని కూడా భయంగా ఉంది.

చిత్తూరు సభ మానుకుని తిరుపతి వచ్చేసరికి డాక్టరమ్మ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న మా పాప నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. మధ్యాహ్నం పుంగనూరు వైపు నుంచి ఒకామె ఆటో దిగింది. చంకలో చిన్న ఆడపిల్ల. సంగతి తెలియక వచ్చింది.

"డాక్టరమ్మ ఉండాదా సార్? సాయంత్రం తీసుకురమ్మనింది. బస్సు దొరకదని ముందే వచ్చినాం."

లోపల ఏడుపు వినబడి ఆమెకే అర్థమైంది. బిడ్డను చంకలో పైకి ఎగదోసుకుంది.

"మల్ల ఎవురు సూస్తారు సార్?"

మా పాప చెయ్యి చాపి బిడ్డను దింపించింది. బిడ్డ షామియానా గుంజను పట్టుకుని నిలబడింది. ఎండ ఇంకా తెల్లగానే ఉంది. కుడి పాదం బొటనవేలు మాత్రం మెల్లగా లోపలికి ముడుచుకుంటోంది.