సాకులు వినే సర్దార్

రెండు రోజులుగా ముసురు వదలలేదు. బొగ్గు బాయి ముందరి నల్ల బురద బూట్లకు పట్టుకుంటోంది. మొదటి షిఫ్టుకు వచ్చినవాళ్ళం టోపీ లైట్లు తీసుకుంటున్నాం. ఆ రోజు కింద రెండు దారులు కలిసేచోట కప్పుకు దుంగలు నిలబెట్టాలి. హాజరు వేసే క్లర్కు కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ పాత సర్దార్ తెల్లారగట్ల దవాఖానల పానం ఇడిసిండట. పన్నెండింటికి శవాన్ని తీస్తరట," అన్నాడు.

మా గ్యాంగును చాలాకాలం నడిపిన మనిషి ఆయన. పదో తరగతి చదివి నాన్న ఉద్యోగంలో చేరిన నాకు భూమి లోపల నడవడం నేర్పిందీ ఆయనే. రిటైరయ్యాక నది దాటి రామకృష్ణాపూర్‌లో ఉంటున్నాడు. ఆయన చోట్లో ఇప్పుడు నేను సర్దార్‌ని.

కప్పుకు దుంగలు పెట్టే మా టింబర్‌మన్ నా దగ్గరికి వచ్చాడు. సర్దార్ కింద నాతోపాటే పని నేర్చుకున్నవాడు.

"అన్నా, కడుపుల నొస్తుంది. ఇయ్యాల దిగ."

"డాక్టర్ చీటీ ఉన్నదా?"

"లేదు."

"మరి దిగాలె."

అతను లైటు బెల్టు బిగించుకున్నాడు.

పాత సర్దార్ దగ్గర ఇలా ఉండేది కాదు. ఎవరైనా సాకు తెస్తే తంబాకు నలుపుకుంటూ చివరిదాకా వినేవాడు. మధ్యలో అడ్డం రాడు. నిజమా, అబద్ధమా అని అడగడు. "నాకెందుకు జెప్తున్నవ్? నీ పని ఎవడు జేస్తడో వానికి జెప్పు," అనేవాడు. అందరి ముందర, హాజరు దగ్గరే, తోటివాణ్ణి అడగాలి. నిజంగా కష్టం ఉన్నవాడికి ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చేవాళ్ళు. లేనివాడికి అడగడానికి నోరు వచ్చేది కాదు.

బసంత్‌నగర్ నుంచి వచ్చే ఒకతను ఓసారి ఆలస్యంగా వచ్చాడు. దారిలో స్కూటర్ ఆగిపోయిందని, నెట్టుకొచ్చి అలసిపోయానని, తేలిక పని ఇమ్మని అన్నాడు. సర్దార్ పక్కవాణ్ణి చూపించాడు.

"ఏ స్కూటర్ బావా? మొన్న మా తమ్మునికే అమ్మితివి గదా," అన్నాడు పక్కవాడు. "ఆడు గిప్పుడే దాని మీద డ్యూటీకి వచ్చిండు."

అందరం నవ్వాం. సర్దార్ నవ్వలేదు. ఆ రోజు అతన్ని కిందికి దించకుండా పైన దుంగలు పేర్పించాడు. నాకు నచ్చలేదు.

"అబద్ధమాడినోనికి పైన పనా, కాకా?"

"అబద్ధమాడిండంటె ఆని మనసు ఈడ లేదు. మనసు లేనోన్ని కప్పు కింద నిలబెడితె, పడేది ఆని మీదనే గాదు, నీ మీద గూడ."

షిఫ్టు దిగాక అతని ఇంటికి వెళ్ళి సంగతి కనుక్కొని వచ్చాడు. అదేమిటో మాకు చెప్పలేదు. తర్వాత కొన్నాళ్ళకు అదే మనిషి ఇంకో సాకుతో వస్తే మాత్రం, "ఒకసారి విన్న. ఇగ పని జెయ్యి," అని దించాడు. మెత్తని మనిషి కాదు. కానీ ఇన్నేళ్ళూ దెబ్బ తగలకుండా పనిచేసి ఇంటికి పోయామంటే అది ఆయన వల్లే.

నేను సర్దార్‌నయ్యాక ఇదంతా ఆలస్యం పని అనిపించింది. చీటీ పద్ధతి పెట్టాను. చీటీ లేకపోతే మాట వినేవాణ్ణి కాదు. నాగాలు తగ్గాయి. పైవాళ్ళు మెచ్చుకున్నారు. మనుషులు తమ సంగతులు నాకు చెప్పడం మానేశారు. అది కూడా నాకు సుఖంగానే ఉండింది.

ఈ వానాకాలం మొదట్లో పాత సర్దార్ దవాఖానలో చేరాడు. ఊపిరితిత్తుల జబ్బు. "ఒక్కసారి రా బిడ్డా," అని ఫోన్ చేశాడు. డ్యూటీ ఉంది అన్నాను. మళ్ళీ చేస్తే మనుషులు తక్కువున్నారన్నాను. ఆ తర్వాత ఇంట్లో పని అన్నాను. "సరే బిడ్డా, పని సూసుకో," అన్నాడు. అందరి ఇళ్ళకూ పోయి కనుక్కున్న మనిషి నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే పోయేవాణ్ణేమో అనుకుంటాను. అదీ ఒక సాకే.

ఆ పొద్దున బాయి నోటి దాకా వచ్చాక టింబర్‌మన్ వైపు చూశాను. అందరి లైట్లూ వెలుగుతున్నాయి, అతనిది వెలగడం లేదు. అతనికి ఆ ధ్యాసే లేదు.

"కడుపునొప్పి గాదు గదా," అన్నాను.

"గాదు."

"సావుకు పోతనని జెప్పకపోతివి."

"దానికి గూడ చీటీ అడుగుతవనుకున్న."

వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. సర్దార్ పోయిన రోజున, ఆయన తయారు చేసిన మనిషి నాకు భయపడి అబద్ధమాడాడు. అతనికి ఆ భయం నేర్పింది నేనే.

అతన్నీ, పాత గ్యాంగులో మిగిలిన ఇంకో ఇద్దరినీ పొమ్మన్నాను. దుంగల పని మరునాటి దాకా ఆపాను.

"నువ్వు రావా?" అన్నాడు.

"సెక్షన్ ఇడిసిపెట్టి ఎట్ల వస్త?"

అడిగితే ఇంకో సర్దార్ దొరికేవాడు. అడగలేదు. ఆయన భార్య ముందు నిలబడి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ ముగ్గురూ ఏడున్నర బస్సుకు పోయారు. సర్దార్‌ను పన్నెండింటికి తీసుకుపోయారట. నేను షిఫ్టు దిగి, మూడింటికి ఆయన ఇంటికి బయల్దేరాను.