వాగు మీద తొమ్మిదో స్పాను

సౌదీలోని రాబిగ్ నుంచి తూర్పుగా గంటన్నర పోతే నీళ్లు లేని ఒక వాగు. దాని మీద పద్నాలుగు స్పానుల, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య పద్నాలుగు భాగాల, రైలు వంతెన. సున్నపురాయి తెచ్చుకోవడానికి ఒక సిమెంటు ఫ్యాక్టరీ వేసుకున్న సొంత లైను అది. క్వారీలో రాయి అయిపోయింది, ఫ్యాక్టరీ మూతబడింది, పట్టాలు తుక్కుకు పోయాయి. పదేళ్లపాటు దాని నీడలో ఒంటెలు పడుకున్నాయి. ఇప్పుడు కూలుస్తున్నారు.

పీరయ్య దాన్ని కట్టినప్పుడూ ఉన్నాడు. జగిత్యాల పక్క పల్లె నుంచి ముప్పై రెండేళ్ల వయసులో వచ్చినప్పుడు ఇదే అతని మొదటి పని. దూలాల్లోని రేకు గొట్టాల్లోకి ఉక్కు తీగలు దూర్చడం, జాకీతో లాగి బిగించడం, గొట్టం నిండా సిమెంటు పాలు పట్టించడం. ఇప్పుడు యాభై ఎనిమిది నిండాయి. అతన్ని పనికి పెట్టుకున్న యజమాని, కఫీలు, రెండేళ్లు తిప్పి తిప్పి పోయిన వారమే ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక ఇంటికి పోవచ్చన్న అనుమతి, వేయించాడు. శుక్రవారం విమానం. మంగళవారం కరీంనగర్‌లో అతని భార్య రాజవ్వకు కడుపులో గడ్డ తీస్తారు. మొగుడు వచ్చాకే ఆపరేషన్ బల్ల ఎక్కుతానని ఆమె మూడుసార్లు తేదీ మార్పించుకుంది.

"కాకా, పెండ్లి జేసినోడివి నువ్వే, ఇడుపు కాయిదం రాసేటోడివి నువ్వేనాయె," అన్నాడు అంజన్న, దూలాలు కోసే రంపం మనిషి, వంతెన కింద అన్నం తింటూ.

"మూసుకొని తినురా. రేపెక్కడ కోస్తున్నవ్?"

"తొమ్మిదోది. నేను స్తంభం మీద, దూలం కొస కాడ నిలవడాలె."

పీరయ్య ముద్ద గిన్నెలో వదిలేసి తొమ్మిదో స్పాను వైపు చూశాడు.

తొమ్మిదో స్పానుకు సిమెంటు పాలు పట్టించిన రోజు పంపు చెడిపోయింది. మర్నాడు పొద్దున్నే తనిఖీ. అప్పటి ఫోర్‌మన్ చెప్పినట్టు, పాలు నిండినట్టు కనపడేలా గొట్టాల మూతులు మాత్రం పూడ్చారు. పూడ్చింది పీరయ్యే. లోపల సిమెంటు పట్టిన తీగ కోస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది. ఖాళీ గొట్టంలో బిగిసిన తీగ తెగితే దూలం కొసనుంచి తుపాకి గుండులా వస్తుంది. అక్కడ నిలబడేది అంజన్న.

చెబితే పని ఆగుతుంది. ఏ దూలం సంగతి ఏమిటో తెలిసిన మనిషి పీరయ్య ఒక్కడే మిగిలాడు కాబట్టి అతన్ని ఎవరూ విమానం ఎక్కనివ్వరు.

పీరయ్య లేచి ఫోర్‌మన్ ఇష్తియాక్ దగ్గరికి పోయాడు. "అంజన్నను రేపు కింద పెట్టు భాయ్."

"క్యోం చాచా, దామాద్ హై క్యా?" అని, నీ అల్లుడా ఏమన్నట్టు నవ్వాడు ఇష్తియాక్. "ఠీక్ హై. ఉస్కీ జగా బంగాలీ ఖడా హోగా."

అంజన్న బదులు ఆ కొస దగ్గర ఒక బంగ్లా కుర్రాడు నిలబడతాడు. పీరయ్య పోయి ఇంజనీరు మనోహర్ ఆఫీసు కంటెయినరు తలుపు తట్టాడు.

విన్నాక మనోహర్ లేచి నిలబడ్డాడు. "డ్రాయింగుల్లో ఏమీ లేదేంటండీ?"

"ఎట్లుంటది సార్. ఎవలికి చెప్పలే."

"అన్నేళ్లు దానిమీద రైళ్లు నడిచాయి కదండీ!"

"రైలు పడలే గద సార్. అందుకే నోరు తెరువలే."

దూలానికి వేలంత బెజ్జం వేయించి మనోహర్ ఒక తీగ లోపలికి పోనిచ్చాడు. మూర దూరం పోయింది, రెండు మూరలు పోయింది, ఎక్కడా తగల్లేదు. అతను తీగ బయటికి లాగి పీరయ్య వైపు చూడకుండా అన్నాడు: "మిగతా స్పానులు కూడా మీరే చూపించాలండి. కంపెనీ మీ కఫీలుతో మాట్లాడుతుంది."

సాయంత్రం అసర్ నమాజు వేళకు కఫీలు తన ఇంట్లో కూర్చునే ఫోన్లో ఎగ్జిట్ రద్దు చేశాడు. వంతెన నేలమట్టమయ్యాక చూద్దామన్నాడట.

పీరయ్య ఇంటికి ఫోన్ చేశాడు.

"శుక్కురారం ఏ యాళ్లకు దిగుతవ్?" అంది రాజవ్వ.

"దిగుత లేను. ఇంక ఆరు స్పాన్లున్నయ్."

"అంటే?"

"మూడు నెలలు. నాలుగు గావచ్చు." జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మంచిగనే జేసినవ్. ఆ పోరని పాణం దక్కింది," అంది రాజవ్వ. "నేను మంగళారం పోత. చెల్లె సంధ్య ఉంటది నాతోని."

"నేనచ్చేదాక ఆగుతనంటివి గదనే."

"మూడుసార్లు ఆగిన. ఇగ ఆగ."

ఆమె కోపంగా అనలేదు. ఫోను పెట్టేశాక పీరయ్యకు అదే తిరిగి తిరిగి వినపడింది. తనకోసం అక్కడ ఇంక ఏదీ ఆగి లేదు.

పైనుంచి ఇష్తియాక్ కేకేశాడు. పీరయ్య నిచ్చెన ఎక్కి, పదో స్పాను మొదటి దూలం కొసకు పోయి, ఉలితో సిమెంటు పెచ్చు గీకి, దాని కింద గొట్టం మూతి ఎక్కడుందో వేళ్లతో వెతకసాగాడు.