మర్యాదగా మోసేవాడు

మా తాతయ్య పార్లమెంటులో మార్షల్. సభలో గొడవ చేసేవాళ్లను అధ్యక్షుడు బయటికి పంపమంటే, వాళ్ల మర్యాద చెడకుండా మోసుకెళ్లడం ఆయన ఉద్యోగం. ఇంకొకర్ని చెయ్యి వెయ్యనివ్వడు. అందుకోసం రోజూ మీసం దువ్వి, అద్దం ముందు కళ్లెర్రజేసి చూసుకుంటాడు. ఇంట్లో మంచం జరపమంటే మాత్రం నానమ్మనే ముందు పట్టమంటాడు.

మొన్న గాదెలాంటి ప్రతిపక్ష సభ్యుడొకాయన అధ్యక్షుడి బల్ల ముందు బైఠాయించాడు. తీసుకెళ్లమని ఆజ్ఞ అయింది. తాతయ్యకేమో పొద్దుటి నుంచీ నడుం పట్టేసి ఉంది. ఎత్తలేకపోతే ఇక గేటు దగ్గర పాసులు చూసే పనేనని పైవాళ్లు ముందే చెప్పారు. తాతయ్య సభ్యుడి చంకల కింద చేతులు పెట్టి, చెవిలో గొణిగాడు.

"సార్, ఇవాళ నా నడుం నా మాట వినడం లేదు. మీరే కాస్త లేవాలి."

"బాగుంది పెద్దాయనా. టీవీలో మా ఊరంతా చూస్తోంది. నా అంతట నేను లేస్తే రేపు ఓటెవడేస్తాడు?"

"లేచి కాళ్లు కొట్టుకోండి. నేనే ఈడ్చినట్టుంటుంది."

సభ్యుడు తాతయ్య నడుం చుట్టూ చెయ్యి వేసి లేచాడు. ఇద్దరూ పెనుగులాడుతూ తలుపు దాటారు. లోపల అధికారపక్షం బల్లలు చరిచింది. తలుపు మూసుకోగానే సభ్యుడు తాతయ్యను బెంచీ మీద బోర్లా పడుకోబెట్టి, నడుం నొక్కుతూ, సభకు వినబడేలా గొంతు చించుకున్నాడు.

"వదలండి నన్ను. చంపేస్తున్నారు."

"ఇంకాస్త కిందికి సార్," అన్నాడు తాతయ్య.