సారీ చెప్పి పారిపోయిన రోజు

నా చిన్నప్పుడు అరవవాళ్ళ పట్నంలో, చూలై అనే పేటలో, మా వీధి నుంచి ఇంగ్లీషు బడికి పోయే ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ టెక్కు ఎంతుండేదో తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది. బళ్ళో మాకు మొట్టమొదట నేర్పిన మాటల్లో సారీ ఒకటి. పెన్సిలు కింద పడేస్తే సారీ, ఆలస్యంగా పోతే సారీ, పక్కపిల్ల కాలు తొక్కితే సారీ. అనగానే టీచరమ్మ తల ఊపేది, నేను పోయి కూర్చునేదాన్ని, అంతటితో ఆ గొడవ తీరిపోయేది. మన ఇళ్ళల్లో ఇంత సులువైన మాట ఏదుంది చెప్పండి? తప్పు చేస్తే తల దించుకుని ఆ చుట్టుపక్కలే తిరుగుతాం, ఎవరూ అడక్కుండానే నాలుగు పనులు చేసిపెడతాం, పెద్దవాళ్ళు అన్నానికి పిలిస్తే కోపం పోయిందనుకుంటాం. ఇంట్లో ఎవరైనా నిలబడి క్షమించండి అంటే నాటకానికి పాఠం ఒప్పజెబుతున్నారనుకుంటారు. అందుకే ఆ ఇంగ్లీషు మాట నాకు తెగ నచ్చేసింది.

ఇప్పుడదే మాట వింటే ఒళ్ళు మండిపోతుంది. లిఫ్టు మూడు రోజులుగా పనిచెయ్యడంలేదయ్యా అంటే సారీ. బండి తెచ్చి నా కాలి మీదకి ఎక్కించబోయిన కుర్రాడు చెవిలో ఫోను తియ్యకుండానే సారీ. మా మనవరాలైతే రోజుకి ఇరవైసార్లు "సారీ పాటీ" అంటుంది. అవ్వా అని తెలుగులో పిలవడం ఎటూ మానేసింది, అది వేరే బాధ. దేనికే సారీ అని అడిగితే గుర్తుండదు దానికి. ముసలమ్మకి చాదస్తం పెరిగిందని ఇంట్లో అందరూ నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నాకు ఆ మాట అర్థం తెలిసింది ఏ టీచరు దగ్గరా కాదు, మా తాతయ్య దగ్గర.

మా తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, మా వీధి చివర ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాల్ని పెట్టెల్లోంచి ఒక్కొక్కటే ఏరి, వరుసలుగా పేర్చి, పేజీ తయారుచెయ్యడం ఆయన పని. తమిళం, ఇంగ్లీషు పేర్చేవాళ్ళు ఇంకో ఇద్దరుండేవారు. తెలుగు మాత్రం ఆయనొక్కడే. తెలుగులో గుడులు, కొమ్ములు, వత్తులు అన్నీ కలిపి ఎన్ని ముక్కలో! తమిళానికి సరిపోయే పెట్టెలకి రెండింతలు కావాలి. ఒక గోడంతా ఆ పెట్టెలే. ఓనరుకి ఆ గోడ మీద కన్ను. తాతయ్యకి చూపు తగ్గుతోందనీ, తెలుగు పని రావడమే తక్కువైందనీ, ఆ సీసం కరగబెట్టేవాళ్ళకి ఇచ్చేసి అక్కడ కొత్త మిషను పెట్టుకుంటాననీ ఏడాదిగా అంటూనే ఉన్నాడు.

అలాంటి రోజుల్లో మా పక్క పేటలోని ఒక పాత తెలుగు వర్తకుల ఇంట్లోంచి పెళ్ళి శుభలేఖ పని వచ్చింది. రెండువైపులా మూడు తరాల పేర్లు, గోత్రాలు, ముహూర్తం, అన్నీ తెలుగులోనే ఉండాలన్నారు. శుక్రవారం పొద్దున మొదటి శుభలేఖకి పసుపు రాసి దేవుడి ముందు పెట్టుకోవాలి కాబట్టి ఆ వేళకి ఇచ్చి తీరాలన్నారు. ఈ ఒక్క పనీ తప్పు లేకుండా, టయానికి ఇస్తే తెలుగు పెట్టెలు ఉంటాయి, లేదంటే ఎత్తించేస్తానని ఓనరు తేల్చి చెప్పాడు. తాతయ్య రెండు రోజులు భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. ఆ సంగతంతా నాకు తెలుసు. తెలియదని అబద్ధం చెప్పను.

గురువారం బడి మధ్యాహ్నానికే వదిలేశారు. అమ్మ ఇచ్చిన మజ్జిగ చెంబు పట్టుకుని ప్రెస్సుకి పోయాను. ఓనరు ఊళ్ళోకి పోయాడు, మిగతావాళ్ళు భోజనాలకి పోయారు. తాతయ్య అప్పుడే ఆఖరి వరుస పేర్చి, కళ్ళు మండుతున్నాయని మొహం కడుక్కోవడానికి పెరట్లోకి లేచాడు. పేజీ బల్ల అంచున రేకు పళ్ళెంలో ఉంది. పేర్చిన పేజీ చుట్టూ దారం బిగించి కట్టేదాకా అది పేజీ కాదు, విడి అక్షరాల కుప్పే. దారం కట్టని పళ్ళేన్ని ముట్టుకోవద్దని తాతయ్య నాకు నూరుసార్లు చెప్పి ఉంటాడు. కానీ సీసంలో పెళ్ళికూతురి పేరు తిరగేసి ఎలా ఉంటుందో చూడాలనిపించింది. పళ్ళేన్ని నావైపు లాక్కున్నాను. అది ఒరిగింది. రెండు రోజుల పని నేల మీద పడింది, సగం బల్ల కిందకి, సగం మిషను కిందకి పోయింది.

చప్పుడు విని తాతయ్య తడి మొహంతోనే వచ్చాడు. నేను బళ్ళో నేర్పినట్టే చేతులు కట్టుకుని "సారీ తాతయ్యా" అన్నాను. ఆయన నేల మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు. తిట్టలేదు గదా, ఇంక అయిపోయిందనుకున్నాను. చెంబు అక్కడ పెట్టేసి వీధిలోకి పరుగెత్తి పాండి ఆడుకున్నాను, తొక్కుడుబిళ్ళ అంటారే, అదే. అబ్బ, ఎంత హాయిగా ఆడానో ఆ రోజు!

దీపాలు పెట్టే వేళకి తాతయ్య ఇంకా రాలేదని అమ్మ నన్ను పంపింది. ప్రెస్సు గుమ్మం దగ్గరే ఓనరు గొంతు వినబడింది. "ఏంది పెద్దాయనా ఇది? ఎట్ట పడిందంటే చెప్పవేంది?" అని అరుస్తున్నాడు. తాతయ్య నేల మీదే ఉన్నాడు. చేతిలో గుప్పెడు అక్షరాలున్నాయి.

"దారం కట్టకుండా లేచిపోయినా. తప్పు నాదే," అన్నాడు.

"చాలు పెద్దాయనా, చాలు. ఇంక చాలు. కార్డు అరవంలో వేసి వాళ్ళ కాళ్ళో గడ్డమో పట్టుకుంటా. రేప్పొద్దున పెట్టెలు ఎత్తించేస్తా ఉండా."

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నోరు తెరిచి నేనే పడేశానని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. చెప్పలేదు. భయం.

ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా సారీ తాతయ్యా, సారీ తాతయ్యా అంటూనే ఉన్నాను. నాలుగోసారికో అయిదోసారికో ఆయన ఆగాడు. ఎప్పుడో ఒక ఇంగ్లీషు మాస్టారు మాటల పుట్టుక గురించి రాసిన చిన్న పుస్తకానికి తాతయ్య అక్షరాలు పేర్చాడట. పేర్చినదంతా ఆయనకి గుర్తుండిపోయేది. సోర్ అంటే పుండు, నొప్పి అనీ, సారీ అన్న మాట అందులోంచి పుట్టిందనీ చెప్పాడు. దుఃఖానికి ఇంగ్లీషువాళ్ళకి సారో అని వేరే మాట ఉంది, రెండూ ఒక్క తల్లి పిల్లల్లాగా కనబడతాయి గానీ వాటి పుట్టిళ్ళు వేరన్నాడు. వెనకటికి ఆ దేశంలో ఎవరన్నా సారీ అంటే, నాకు నొస్తా ఉండాది అని చెప్పుకున్నట్టే. ఇదంతా కోపం లేకుండా, పాఠం చెప్పినట్టు చెప్పి, "మధ్యాహ్నం ఆ మాట అన్నప్పుడు నీకు యాడ నొచ్చిందిమ్మా?" అని అడిగాడు.

యాడా నొవ్వలేదు. పాండి ఆడుకున్నాను. ఆ మాట చెప్పలేక, ఉక్రోషం పట్టలేక ఏడ్చాను. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. వేస్తే నేనూ అలిగేదాన్ని, సరికి సరి అయ్యేది.

పొద్దున్నే బడి సంచీ భుజాన వేసుకుని తిన్నగా ప్రెస్సుకి పోయాను. అప్పటికే ఇద్దరు మనుషులు తెలుగు పెట్టెల్ని ఎత్తి బయట తోపుడుబండి మీద పెడుతున్నారు. తాతయ్య ఒక పక్కన నిలబడి చూస్తున్నాడు. నేను ఓనరు ముందుకి పోయి, పళ్ళెం లాగింది నేను, పడేసింది నేను, తాతయ్య కాదు, పెట్టెలు దించండి అన్నాను. గట్టిగానే అన్నాను.

ఓనరు నన్ను చూసి నవ్వాడు. "చూసినారా, తాతంటే ఎంత పాశమో ఈ బిడ్డకి! ఆయన్ని కాపాడాలని తప్పు తన మీద వేసుకుంటా ఉండాది," అని అందరికీ చెప్పాడు. నా తల నిమిరి, చొక్కా జేబులోంచి పిప్పరమెంటు బిళ్ళ తీసి చేతిలో పెట్టాడు. కాదు, నిజంగా నేనే, దేవుడి తోడు నేనే అని కాళ్ళు నేలకి కొట్టి అరిచాను. అరిచినకొద్దీ వాళ్ళకి ముద్దొచ్చాను. బండి తోసేవాడు కూడా మెచ్చుకోలుగా తల ఊపాడు. నాకు ఆ బిళ్ళ వాళ్ళ మొహాన కొట్టాలనిపించింది. నువ్వైనా చెప్పు తాతయ్యా అని ఆయన చెయ్యి పట్టి గుంజాను. దారం కట్టకుండా వదిలేసిన పేజీకి కంపోజిటరుదే పూచీ, అది మా పనిలో కట్టుబాటు, కాబట్టి తప్పు నాదేనని మళ్ళీ అదే మాట అన్నాడు. చేసిన తప్పుని కూడా నాకు మిగల్చలేదు ఆయన! బండి వీధి మలుపు తిరిగిపోయింది.

ఆ తర్వాత తాతయ్య అదే ప్రెస్సులో కార్డులు మడత పెడుతూ, అట్టలు అంటిస్తూ ఆరేడేళ్ళు పనిచేశాడు. ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఆ పొద్దున బయటికొచ్చాక మాత్రం మెట్టు మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇప్పుడు నొస్తా ఉండాదా?" అన్నాడు. గొంతు చూపించాను. "ఇప్పుడు చెప్పమ్మా, వింటా," అని నావైపు తిరిగి కూర్చున్నాడు. నిన్నంతా అన్నిసార్లు అన్న మాట ఆ పూట నా నోట్లోంచి ఎంతకీ రాలేదు. బడి గంట వినబడేదాకా ఆయన అలాగే కూర్చున్నాడు.

నా వల్ల ఎవరికైనా చెడు జరిగితే ఈ వయసులో కూడా నాకు మాట వెంటనే రాదు. మొండిదంటారు, పొగరంటారు. వాళ్ళ ఇంటికి పోతాను, చెయ్యగలిగింది చేస్తాను, గొంతు పట్టేసినప్పుడు ఎలాగో ఆ ఒక్క మాట అంటాను. అలా ఎందరికో చెప్పుకోగలిగాను. మా తాతయ్యకే చెప్పలేకపోయాను.