చిన్నాన్నకు సంతృప్తిగా ఉన్న బడి

అప్పట్లో మా జిల్లాలో బడిపంతుళ్ల కష్టసుఖాలను పాయింట్లలో కొలిచేవారు. ఊరికి తారురోడ్డు, రోడ్డు మీద బస్సు ఉంటే అక్కడి మాస్టారికి బదిలీల వేళ పాయింట్లు తక్కువ. దారి లేక, గెడ్డలో, అంటే వాగులో దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లాల్సిన బడి అయితే ఎక్కువ. అలా ఏళ్ల తరబడి పాయింట్లు కూడబెట్టినవాడు కౌన్సెలింగులో ముందుగా పిలిపించుకుని, కావలసిన బడి కోరుకోవచ్చు. అంటే సుఖపడాలంటే ముందు కష్టపడినట్టు రుజువు చూపించాలి. (ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మోక్షానికి కూడా పద్ధతి ఇదేనంటారు.) అందుకే నలుగురు టీచర్లు ఒకచోట చేరితే మా ఊరికి దారి లేదంటే మా ఊరికి అసలే లేదని పోటీలు పడి చెప్పుకునేవారు. కొత్తగా వినేవాళ్లకు అవి ఫిర్యాదుల్లా వినబడేవి. నిజానికి అది ఎవరి ఆస్తి వాళ్లు చెప్పుకోవడం.

మా చిన్నాన్న ఆ లెక్కన మంచి ఆస్తిపరుడు. కోటబొమ్మాళిలో కాపురం, అక్కడి నుంచి ఆటో, ఆటో దిగాక పొలాల మధ్య బండిబాటలో నడక, ఆ తరువాత గెడ్డ, గెడ్డకు అవతల బడి. రెండు గదులు, ఒక వరండా. ఒక గది కప్పు కారుతుంది కాబట్టి వానాకాలంలో అయిదు తరగతులూ రెండో గదిలోకి వచ్చేసేవి. ఫ్యాను ఉండేది గాని కరెంటు వచ్చేసరికి బడి వదిలేసే వేళయ్యేది. టీచర్ల కోసమని కట్టిన మరుగుదొడ్డికి తలుపు తప్ప అన్నీ ఉండేవి. సాయంత్రం ఇంటికొచ్చి తడిసిన ప్యాంటు విప్పి లుంగీ కట్టుకుంటూ చిన్నాన్న ఇవన్నీ వరసగా చెప్పేవాడు. పిన్ని టీ గ్లాసు పట్టుకుని నిలబడి వినేది. ఇద్దరి ఆశా ఒకటే. వాళ్ల వీధి చివర ఉన్న బడిలో ఒక మాస్టారు ఆ ఏడే రిటైరయ్యాడు. ఆ బడి గంట కొడితే చిన్నాన్న పెరట్లోకి వినబడుతుంది. మరో నాలుగేళ్ల సర్వీసు ఉంది కదా, ఆ నాలుగేళ్లూ మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తిని వెళ్లొచ్చని పిన్ని అనుకునేది.

ఆ ఏడాది బదిలీలు బడులు తెరిచాక పెట్టారు. పాయింట్లలో చిన్నాన్నే ముందున్నాడు. ఇంతలో ఆ ఖాళీ మీదే కన్నేసిన మరో మాస్టారు, చిన్నాన్న బడికి ఆటోలు తిరుగుతున్నాయని, ఆయన పాయింట్లు చెల్లవని పైకి రాశాడు. పై నుంచి ఒక అధికారి స్వయంగా వచ్చి దారి ఉందో లేదో చూస్తాడని కబురొచ్చింది.

నేను అప్పుడే ఒక దినపత్రికకు విలేకరిగా చేరాను. మెడలో కెమెరా లేకుండా టీ తాగడానికి కూడా వెళ్లేవాణ్ణి కాదు. చిన్నాన్న నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఒరే నాన్నా, రేపు నువ్వు నాతో రావాల. ఆఫీసరు జీపులో వస్తాడు. ఆ జీపు గెడ్డలో దిగబడతాది. దిగబడినప్పుడు సరిగ్గా తియ్యి. పేపర్లో పడిందంటే ఇంకెవుడూ కాదనలేడు."

"దిగబడకపోతేనో?"

"ఎందుకు దిగబడదురా? మనుషులమే దిగబడతన్నాం."

రెండు రోజులుగా ముసురు పట్టింది. చిన్నాన్న గడప మీద నిలబడి ఆకాశం వైపే చూస్తున్నాడు. పిన్ని వంటింట్లోంచి అంది: "మీ చిన్నాన్న వానకోసం ఇంతలా సూడ్డం నాను కాపరానికొచ్చాక ఇదే. నాట్లేసినప్పుడు కూడా సూళ్లేదు."

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. గెడ్డ దగ్గరికి చేరేసరికి ఊరు ఊరంతా గెడ్డలోనే ఉంది. మగవాళ్లు మొలలోతు నీళ్లలో నిలబడి తాటిదుంగలు పక్కపక్కన పేరుస్తున్నారు. ఆడవాళ్లు ఇసుక బస్తాలు అందిస్తున్నారు. పైన గడ్డి పరిచి, గడ్డి మీద ఎర్రమట్టి పోస్తున్నారు. అందరికీ పురమాయిస్తున్నది గునపం మావ. (చేతిలో గునపం లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరట. పెళ్లిపీటల మీద కూడా ఉందా అని నేనడగలేదు.) చిన్నాన్న గబగబా గెడ్డ అంచుకు వెళ్లాడు.

"ఏటి మావా ఇదంతా? ఎవుడు సెయ్యమన్నాడు?"

"ఎవుడో సెప్పాలేటి మాస్టారూ! ఆఫీసరుగారు వస్తన్నారని మీరేగదా నిన్న పిల్లల్తోటి సెప్పినారు. ఆయన బూట్లిప్పి గెడ్డలో దిగితే మనకి సిగ్గు కాదా?"

"దిగనీ మావా. ఆయన సూడ్డానికే గదా వస్తన్నాడు."

"ఊరుకోండి మాస్టారూ. మీకు పైనోళ్ల దగ్గర మాటొస్తే మాకు రానట్టా? మీరిన్నాళ్లూ తడిసినారు, ఆయనెందుకు తడవాల?"

బడిలో వంట చేసే ఆయమ్మ బస్తా దించి నడుం పట్టుకుని నవ్వింది. "మాస్టారికి మొగమాటం. తెల్లారగట్ల నుండి సేస్తన్నాం, మా ఆయన గూడ వలకెళ్లకండా ఇక్కడే ఉన్నాడు. మీరు ఆ గట్టు మీద నిలబడండి బాబూ, ప్యాంటుకి బురదంటుతాది."

చిన్నాన్న గట్టు మీద నిలబడ్డాడు. అప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. ఆయన బదిలీకి పెట్టుకున్నాడని ఆ ఊళ్లో ఒక్కడికీ తెలియదు. ఆఫీసరు వచ్చి గెడ్డ చూస్తాడని మాత్రమే చెప్పాడు, ఎందుకు చూస్తాడో చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలంటే, నేను మిమ్మల్ని వదిలి వెళ్లిపోవాలని చూస్తున్నాను, దయచేసి ఆ దుంగలు తీసేయండని, మొలలోతు నీళ్లలో ఉన్నవాళ్లతో చెప్పాలి. చిన్నాన్న రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ఎవరో ఒకరు "జాగర్త, జాగర్త" అని అరిచారు. మూడోసారి తెరవలేదు.

జీపు రానే వచ్చింది. డ్రైవరు దుంగల ముందు ఆగి దిగి చూశాడు. గునపం మావ రెండు చేతులూ ఊపుతూ "రా బాబూ, రా, ఏనుగెక్కినా కదలదు" అన్నాడు. జీపు మెల్లగా ఎక్కింది. అటూ ఇటూ జనం నీళ్లలో నిలబడి రథం లాగుతున్నట్టు దాని వెంట కదిలారు. ఎక్కడా ఒరగలేదు, టైరుకు చుక్క నీరు తగల్లేదు. ఆ దృశ్యం ఎంత బావుందంటే, నేను వచ్చిన పని మరిచిపోయి టపటపా ఫొటోలు తీశాను. చిన్నాన్న నన్ను ఒక చూపు చూశాడు. ఫొటో బాగా రావాలని చూస్తున్నాడనుకుని ఇంకో రెండు తీశాను.

అధికారి మంచివాడు. కారే గది చూసి నిట్టూర్చాడు, తలుపు లేని మరుగుదొడ్డి చూసి కళ్లు తిప్పుకున్నాడు. పిల్లలచేత ఎక్కాలు చెప్పించుకుని సంతోషించాడు. కొబ్బరిబొండం తాగి, వరండాలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఊరంతా బురద కాళ్లతో నిలబడి ఉంది. అప్పుడు అడిగాడు.

"ఇన్నేళ్లు ఇక్కడే చేశారు కదా మాస్టారూ. మనసులో మాట చెప్పండి. ఇక్కడి పరిస్థితుల్లో పనిచేయడం మీకు సంతృప్తిగా ఉందా? లేదంటే లేదనండి, అదే రాసుకుంటాను."

ఆయన తెలిసే అడిగాడని ఇప్పుడు అనిపిస్తుంది. దారి సంగతి ఎలా ఉన్నా, మాస్టారు కష్టంగా ఉందని ఒక్క మాట అంటే, ఆ దుంగలు ఈ పూటవేనని రాసుకుని వెళ్లిపోయేవాడు. చిన్నాన్న ఇటు చూశాడు. నేను పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. అటు చూశాడు. గునపం మావ చేతుల మీద దుంగలు గీరుకుపోయిన చోట నెత్తురు ఇంకా ఆరలేదు. ఆయమ్మ తడిచీర పిండుకుంటూ, మాస్టారు ఏమంటాడా అని ఆగిపోయింది.

"చాలా సంతృప్తిగా ఉందండి" అన్నాడు చిన్నాన్న.

"అదిగో!" అన్నాడు గునపం మావ, తను పందెం గెలిచినట్టు.

తిరిగి వచ్చేటప్పుడు అధికారి జీపెక్కమన్నాడు. చిన్నాన్న వద్దని గట్టు మీద నడిచాడు. ఆటో ఎక్కాక, "ఫొటోలు బాగొచ్చాయేటి?" అన్నాడు. చాలా బాగొచ్చాయన్నాను. నా తెలివి అప్పటికి అంతే.

మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో సగం పేజీకి పడింది. "మాస్టారి కోసం ఊరంతా బాట" అని శీర్షిక. కింద చిన్నాన్న మాట, చాలా సంతృప్తిగా ఉందన్నది, పెద్ద అక్షరాల్లో. డెస్కు ఇన్‌ఛార్జి మొదటిసారి నాకు ఫోను చేసి, నీకు చేయి తిరుగుతోందయ్యా అన్నాడు. జీపు వెళ్లిన బడికి దారి లేదని ఎవరూ రాయలేరు కాబట్టి చిన్నాన్న పాయింట్లు తగ్గాయి. వీధి చివరి బడి ఆ ఫిర్యాదు చేసిన మాస్టారికి దక్కింది. పిన్ని ఆ పేపరును మడిచి బియ్యం డబ్బా కింద వేసింది. ఫొటో ఉన్న వైపు కిందికి. తరువాత వారం రోజులు నాకు టీ ఇచ్చేది గాని పంచదార వేసేది కాదు.

ఆ నెలాఖర్లోనే గెడ్డ పొంగి దుంగలను, ఎర్రమట్టిని ఊడ్చుకుపోయింది. చిన్నాన్న మళ్లీ ప్యాంటు మడిచాడు. తడవడం మునుపటిలాగే ఉంది, పాయింట్లే ఆరిపోయాయి. గునపం మావ మాత్రం ధైర్యం చెప్పాడట: "మళ్లీ ఆఫీసరు వస్తే సెప్పండి మాస్టారూ, మళ్లీ ఏసేస్తాం." చిన్నాన్న చేతులు జోడించాడట.

ఆ బడిలోనే రిటైరయ్యాడాయన. చాలా కాలానికి, ఒక మధ్యాహ్నం పెరట్లో కూర్చుని ఉండగా అడిగాను. "ఆ రోజు అంత అబద్ధం ఎందుకు చెప్పావు చిన్నాన్నా?"

"అబద్ధమని నీకెవుడు సెప్పాడురా?"

"మరి ఎలాగైనా బయటపడాలని తిరిగావు కదా."

"తిరిగాను. అదీ నిజమే. ఎలిపోవాలన్నదీ నిజమే, బాగున్నాదన్నదీ నిజమే. ఆఫీసరు ఒకటే అడిగాడు. ఒకటే సెప్పాను. రెండోది నువ్వు అడగాల్సింది, పేపరోడివి. నువ్వు ఫొటోలు తీసుకుంటన్నావు."

పిన్ని అరుగు మీది నుంచి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తరువాత ఉద్యోగరీత్యా ఎంతోమందిని సంతృప్తిగా ఉందా అని అడిగాను. ఉందన్నవాళ్ల దగ్గర ఇంకాసేపు కూర్చోవడం, వాళ్ల వెనక ఎవరు నిలబడి ఉన్నారో చూడడం చాలా ఆలస్యంగా అలవాటైంది. దానివల్ల వార్తలు పంపడం ఆలస్యమై డెస్కు వాళ్లచేత తిట్లు తింటూనే ఉన్నాను. అప్పుడప్పుడు ఆ కుర్ర విలేకరి గుర్తొస్తాడు. ఒక మనిషి చెప్పిన ఒక మాట రాసుకుని, అంతే కదా అని పెన్ను జేబులో పెట్టేసి, ఈల వేసుకుంటూ ఇంటికి పోయేవాడు. ఎంత హాయిగా పోయేవాడో!